మొదట ఏం చేస్తారు?

సంధ్యారాణికి నరం దొరకని చెయ్యి లేదని వార్డులో పేరు. ఒళ్లు ఎండిపోయిన ముసలివాళ్లకైనా, గింజుకుని ఏడ్చే పసివాళ్లకైనా, మిగతా నర్సులు గుచ్చి గుచ్చి వదిలేశాక ఆమెనే పిలిచేవాళ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పదకొండేళ్లుగా అదే పని. ఆ పదకొండేళ్లలో ఆమె భయపడడం ఎవరూ చూడలేదు.

భర్త ఓంకార్ కొత్తవాడలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఈమధ్య మగ్గాలు నడిచే రోజులకంటే ఆగే రోజులే ఎక్కువయ్యాయి. ఆమెతో చదువుకున్న స్నేహితురాలొకతె ఒమాన్‌లో నర్సుగా చేస్తోంది. నువ్వూ రా, ఇక్కడి లైసెన్సు పరీక్ష ఒక్కటి పాసైతే చాలని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. దానికి తయారవడానికి ప్రశ్నల యాప్ ఒకటి ఉందని చెప్పి, ఫోన్‌లో వేయించింది కూడా ఆమే.

పదకొండేళ్లు చేసిన పనే కదా, అనుకుంటూ మొదలుపెట్టింది సంధ్యారాణి. ప్రశ్న వస్తుంది, కింద నాలుగు జవాబులు వస్తాయి. ఒకటి నొక్కాలి. మొదటి రోజు నొక్కినవాటిలో సగానికి పైగా ఎర్రగా మారాయి. ఎర్రగా మారిన ప్రతిదాని కిందా ఎందుకు తప్పో వివరంగా ఉండేది. ఊపిరి ఆగవచ్చు, గుండె ఆగవచ్చు, ప్రాణం పోవచ్చు. చదువుతుంటే ఆమెకు మొదటిసారి భయమేసింది.

ఎక్కువ ప్రశ్నలు ఒకే తీరుగా ఉండేవి: నర్సు మొదట ఏం చేయాలి? నాలుగూ చేయాల్సిన పనులే. నాలుగూ ఆమె రోజూ చేసేవే. అయితే వాటిలో ఏది ముందు, ఏది తర్వాత అని వార్డులో ఏనాడూ ఆగి ఆలోచించలేదు. చెయ్యి దానంతట అది పోయేది. ఇప్పుడు యాప్ తప్పంటుంటే, పాత పేషెంట్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఫలానా ఆయనకు ఆ రోజు ఏది ముందు చేశాను? ఆయన బతికి ఇంటికి పోయింది నా పనితనం వల్లనా, ఆయన అదృష్టం వల్లనా? ఆ భయం ఆటోలో, వంటింట్లో, డ్యూటీ గౌను వేసుకుంటున్నప్పుడు కూడా ఆమెను వదల్లేదు.

డ్యూటీ లేని మధ్యాహ్నాలు ఆమె యాప్ ముందు కూర్చుంటే, అత్త పోశవ్వ పక్కనే కూర్చుని మగ్గానికి దారం కండెలు చుట్టేది. కోడలు ప్రశ్నను తెలుగులో తనకు తానే చెప్పుకోవడం పోశవ్వ చెవిన పడేది. అరవై ఏళ్ల మనిషికి ఛాతీలో నొప్పి, చెమటలు. ముప్పై ఏళ్ల బాలింతకు ఆగని నెత్తురు. పోశవ్వ చేతిలో దారం ఆగిపోయేది.

"ఆమె బతికిందా బిడ్డా?"

నిజం మనుషులు కాదు అత్తమ్మా, ఉత్త ప్రశ్నలు అని సంధ్యారాణి చెప్పేది. పోశవ్వకు నచ్చేది కాదు. పేరు చెప్పరు, ఊరు చెప్పరు, ఉన్నరో పోయిండ్రో చెప్పరు, ఇదేం దవాఖాన అని గొణుక్కునేది.

వార్డులో సంధ్యారాణి నెమ్మదించింది. మందు సీసా మీది పేరు చదివి, సూది చేతిలోకి తీసుకుని, మళ్లీ సీసా దగ్గరికి వెళ్లి చదివేది. మంచం దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. అలసిపోయిందేమో అనుకున్నారు తోటి నర్సులు.

ఒక ఉదయం నర్సంపేట నుంచి వచ్చిన మొగిలమ్మకు రక్తం ఎక్కించమన్నారు. రక్తం బాగా తగ్గిపోయిన మనిషి, పత్తి చేలలో కూలిపని చేస్తుంది. సంధ్యారాణి బ్యాగు మీది వివరాలు ఇంకో నర్సుతో కలిసి సరిచూసి ఎక్కించడం మొదలుపెట్టింది. మంచం పక్కనే నిలబడింది. కాసేపటికి మొగిలమ్మ దుప్పటి గుంజుకుంది.

"చలి పెడతాంది బిడ్డా," అంది. అనగానే దవడ వణకడం మొదలైంది.

ఈ ప్రశ్న యాప్‌లో వచ్చింది. డాక్టరుకు చెప్పాలి. బీపీ చూడాలి. రక్తం ఆపాలి. దుప్పటి కప్పాలి. అప్పుడు ఆమె డాక్టరుకు చెప్పాలని నొక్కింది, అది ఎర్రగా మారింది. ఇప్పుడు ఆ నాలుగూ కళ్ల ముందు వరుసగా నిలబడ్డాయి. సరైన జవాబు ఏదో ఆమెకు తెలుసు. యాప్ రాకముందు ఎన్నోసార్లు చేసిన పనే. చెయ్యి మాత్రం లేవలేదు. మంచం ఊగేంతగా మొగిలమ్మ వణుకుతోంది, సంధ్యారాణి బ్యాగును చూస్తూ నిలబడి ఉంది.

పక్క మంచం దగ్గరున్న వార్డు ఇన్‌చార్జి స్నేహలత వచ్చి రక్తం ఆపింది. గొట్టం మార్చి సెలైన్ పెట్టింది, డాక్టరును పిలిపించింది. సాయంత్రానికి మొగిలమ్మకు వణుకు, దాంతో వచ్చిన జ్వరం తగ్గాయి. బ్యాగులో తప్పేమీ లేదని, ఒక్కోసారి ఎక్కించిన రక్తం ఒంటికి పడదని డాక్టరు చెప్పాడు. ఎవరూ సంధ్యారాణిని ఏమీ అనలేదు.

దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఆమె ఫోన్‌లోంచి యాప్ తీసేసింది. తర్వాత స్నేహలత దగ్గరికి తానే వెళ్లి, యాప్ సంగతితో సహా జరిగింది జరిగినట్టు చెప్పింది. నాకు చేతనైతలేదు మేడం, వార్డుకు రావాలంటేనే భయమైతాంది అంది.

స్నేహలత రాస్తున్న కేస్‌షీటు పక్కన పెట్టింది. "నువ్వు ఆ నాలుగు జవాబులు చదువుకుంట నిలబడ్డవ్ సంధ్యా. ఆమె మొఖం సూడలె," అంది. కొన్నాళ్లు మంచాల దగ్గర పని వద్దని, ఓపీలో కూర్చోమని చెప్పింది. సంధ్యారాణికి అది చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. అయినా మరునాడే ఓపీకి వెళ్లింది. అలా కూర్చోబెట్టడం సరైందేనని ఆమెకూ తెలుసు.

ఇంట్లో యాప్ మాట వినిపించడం ఆగిపోయింది. నాలుగు రోజులు చూసి పోశవ్వే అడిగింది, ఫోన్ల ఎవరికీ పాణం బాగ లేకుంటైతలేదా అని. సంధ్యారాణి ఏడుస్తూ మొగిలమ్మ సంగతి అంతా చెప్పింది.

"ఇప్పుడెట్లున్నది ఆమె?"

"మంచిగనే ఉన్నది అత్తమ్మా. నిన్న ఇంటికి పోయింది. పోయేటప్పుడు ఓపీల నన్ను ఎతుక్కుంట వచ్చి చెప్పిపోయింది."

పోశవ్వ తృప్తిగా తలూపి కండె చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ అత్త అడిగినవాళ్లలో, ఎట్లున్నదో తాను చెప్పగలిగిన మనిషి మొగిలమ్మ ఒక్కతేనని సంధ్యారాణికి అప్పుడు తట్టింది.

ఆ వారమే యాప్ మళ్లీ వేసుకుంది. ఈసారి ప్రశ్న రాగానే కింది జవాబుల మీద అరచెయ్యి అడ్డం పెట్టేది. ఆ రోగంతో తాను చూసిన పేషెంట్ ఎవరో గుర్తు చేసుకునేది. రఘునాథపల్లి కట్టయ్య, గుండెనొప్పితో వచ్చాడు, మొఖం బూడిదలా అయింది. అతనికి మొదట ఏం చేస్తానో పోశవ్వకు బయటికి చెప్పేది. చెప్పాకే చెయ్యి తీసేది. కొన్ని రోజులు జవాబులు ఒప్పని పచ్చగా వచ్చేవి, మరుసటి రోజు మళ్లీ ఎర్రగా నిండిపోయేది. భయం తగ్గలేదు. అయితే భయపడుతూనే నోరు తెరిచి చెప్పడం అలవాటైంది. స్నేహలత ఆమెను వార్డులోకి తిరిగి తీసుకుంది, మొదట్లో పక్కనే నిలబడింది.

పరీక్ష హైదరాబాద్‌లో. ఓంకార్ తోడు వచ్చాడు. కాజీపేటలో రైలెక్కాక అతను కొనిచ్చిన చాయ్ ఆమె చేతిలోనే చల్లారిపోయింది. పరీక్ష గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మూలన టైము తగ్గుతూ పోతోంది. ఒక ప్రశ్న దగ్గర నాలుగు జవాబులూ ఒకటిగా కలిసిపోయాయి. ఆమె తెలియకుండానే తెర మీద అరచెయ్యి పెట్టింది.

పర్యవేక్షకుడు వచ్చి తెరను ముట్టుకోవద్దని మెల్లగా హెచ్చరించాడు. ఆమె చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది. బయటికి పంపిస్తారనుకుంది. అతను వెళ్లిపోయాక చాలాసేపు అక్షరాలు కనిపించలేదు. అప్పుడు కళ్లు మూసుకుంది. ఒక మనిషి ముఖం గుర్తొచ్చేదాకా ఆగి, కళ్లు తెరిచి నొక్కింది. చివరి ప్రశ్న దాకా అలాగే చేసింది.

రిజల్ట్ కొద్ది రోజుల తర్వాత డ్యూటీలో ఉండగా ఫోన్‌కు వచ్చింది. పాసైంది. ఫోన్ జేబులో పెట్టుకుని, కట్టు మార్చాల్సిన పేషెంట్‌కు కట్టు మార్చి, ఆ తర్వాతే స్నేహలతకు చెప్పింది. ఇంటికి వచ్చి చెబితే పోశవ్వ ఆమె తల నిమిరింది. వీసా కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, బహుశా వానలు పడ్డాక ప్రయాణం.

ఆ రాత్రి అన్నం తింటూ ఓంకార్ అడిగాడు, ఇంక భయం పోయినట్టేనా అని.

"పోలె," అంది సంధ్యారాణి. "ఇన్నేండ్లు భయం లేకుండ ఎట్ల చేసిన్నో, అదే సమజైతలేదు."

ఓంకార్ ఆమె కంచంలో ఇంకో ముద్ద పప్పు వేశాడు.