స్నానాల గదికి తగిన చెక్క

మా అత్తగారికి మోకాళ్లు పట్టేసి, కింద పీట మీద కూర్చుని స్నానం చేయడం కష్టమైంది. ప్లాస్టిక్ స్టూలు కొన్నాం గానీ, సబ్బునీళ్లలో జారుతుందని ఆవిడకి భయం. ఒక చేత్తో కుళాయిని, ఇంకో చేత్తో చెంబుని పట్టుకుని నిలబడే పోసుకునేవారు. అది చూడలేక, స్టూలు నేనే చేస్తానన్నారు మా ఆయన. ఆయనది ఆఫీసు ఉద్యోగం. సుత్తి పట్టారంటే మేకు కంటే ముందు బొటనవేలికే దెబ్బ.

మొదటిది పాత టీవీ బల్ల చెక్కతో చేశారు. పైకి నున్నగా మెరుస్తుంది, లోపలంతా అదిమిన రంపప్పొట్టే. నాలుగు స్నానాలకే పూరీలా పొంగింది. పెరట్లో పడేశాం.

దాంతో ఆయనకి పంతం పట్టుకుంది. అనకాపల్లిలో చెక్కల దుకాణాలన్నీ తిరిగారు. ఏది చూపించినా షాపువాళ్లు వాటర్‌ప్రూఫే అన్నారట. ఎవరి మాటా నమ్మక మామూలు ప్లైవుడ్, మెరైన్ ప్లైవుడ్, పీవీసీ బోర్డు, టేకు ఒక్కో ముక్క అడిగి తెచ్చి, బకెట్ నీళ్లలో ముంచారు. పైకి తేలకుండా మీద నా పొత్రం పెట్టారు. ఇక ఇంట్లో పచ్చడి మిక్సీలోనే.

మర్నాడు సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూస్తే బకెట్ ఖాళీ. ముక్కలన్నీ డాబా మీద, మినప వడియాల పక్కన వరసగా ఎండుతున్నాయి. ఎవరు తీశారని అడిగారు.

"నేనే తీసేను. పాడైపోతాయని ఎండలో పెట్టేను," అన్నారు అత్తగారు.

"నానబెట్టింది నేనేనమ్మా."

"సెనగలు నానబెడతారు గానీ సెక్కలు నానబెడతారేటి?"

నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను. ఆయన మళ్లీ నానబెట్టారు. మర్నాడు ఆవిడ మళ్లీ ఎండబెట్టారు. తడిసిన చెక్కని చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు. చివరికి నేనే అన్నాను, మన బాత్‌రూమూ అంతే కదా, పొద్దున తడుస్తుంది, మధ్యాహ్నానికి ఆరుతుంది, అలాగే కానివ్వండని. అప్పట్నుంచి కొడుకు నానబెట్టడం, తల్లి ఎండబెట్టడం.

మామూలు ప్లైవుడ్ ముందుగా పొరలు విప్పేసింది. మెరైన్ ప్లైవుడ్ నిలబడింది గానీ, కోసిన అంచుల్లో బూజు చుక్కలు లేచాయి. నేను పీవీసీ బోర్డు పక్షం. దానికి నీళ్లు అంటనే లేదు, కాకపోతే స్క్రూ బిగించి లాగితే పన్నులా ఊడొచ్చింది. టేకు మాత్రం రంగు కాస్త మారిందే తప్ప చెక్కుచెదరలేదు.

టేకు పట్టీలు తెచ్చారు. నీళ్లు నిలవకుండా మధ్యలో సందులు వదిలి, తుప్పు పట్టని స్టీలు స్క్రూలతో బిగించారు. కాళ్లకి రబ్బరు తొడుగులు వేశారు. ముందు ఆయన కూర్చున్నారు, తర్వాత నన్ను కూర్చోబెట్టారు. విరగలేదు.

మర్నాడు పొద్దున అత్తగారు స్నానానికి వెళ్లారు. ఎంతకీ రారు. పడిపోయారేమోనని కంగారుపడి తలుపు కొట్టాను.

"ఏటయ్యిందత్తా?"

"ఏటీ అవ్వలేదు. కూకుంటే బాగుందమ్మా. మరి రెండు సెంబులు పోసుకుని వత్తాను."

ఆవిడ తీరిగ్గా బయటికొచ్చి తల తుడుచుకుంటూ, కొడుకుని చూసి బాగా చేసేవురా అన్నారు. ఆయన మహా సంతోషంగా తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లి, కుళాయి తిప్పారు. ట్యాంకులో చుక్క లేదు.