చర్చి విందులో బావగారి కంద

కోతల పండుగ విందులో పాస్టర్ గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపారు. కాసేపటికి మంచినీళ్లు అడిగారు. తర్వాత మొదటి రెండు వరుసల వాళ్లూ అడిగారు. దర్శి దగ్గర మా బావగారి ఊళ్లో ఆ ఆదివారం అందరూ మజ్జిగ తాగి ఇళ్లకు వెళ్లారు.

కూరలోని కంద బావగారిది. ఆయన నా భార్యకు అన్న. వరసగా రెండేళ్లు మిరప పురుగు పాలయ్యాక, బోరు కింద అరెకరంలో కంద వేశాడు. మొదటి తవ్వకం చర్చికి ఇచ్చాడు. మిగతాది షెడ్డులో గుట్టగా ఉంది. దురద లేని రకమని చెబితేనే వ్యాపారి సోమవారం వస్తానన్నాడు.

విత్తనం కొనేటప్పుడు ఆయన పరీక్ష చేయకపోలేదు. ముక్క కోసి అరచేతికి రుద్దుకున్నాడు. ముప్పై ఏళ్లుగా మిరపకాయలు కోసి, తొడిమలు తీసిన చెయ్యి అది. దానికి మంటే తెలియదు. దురద లేదని తేల్చుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

నా భార్య జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ల్యాబ్ తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆ మధ్యాహ్నమే కందను పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. బావగారూ నేనూ చూశాం. చాలా కణాల నిండా పిండి రేణువులు. అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలంగా మారాయి. మధ్యమధ్య కొన్ని కణాల్లో మాత్రం అగరుబత్తుల కట్టల్లా సన్నని సూదులు.

"ఇవే అన్నయ్యా. నమిలితే బయటికొచ్చి నాలుకలో గుచ్చుకుంటాయి."

"వేరుకి సూదులెందుకే?"

"వేరు కాదు. మట్టిలో పెరిగే కాండం."

"మట్టిలో ఉంటే కాండమేందే? నీకు జీతమిచ్చేవాళ్లకి తెలుసా ఈ సంగతి?" అని నా వైపు తిరిగాడు. "బావా, ఇది పేపర్లో రాయమాక."

"నేను పేపర్ నుంచి రిటైరై నాలుగేళ్లయింది."

"అందుకే భయం. పనేం లేదుగా."

సూదులు లేని గడ్డలు ఏరిపెడితే సంచుల్లో పైన వేస్తానన్నాడు. ఆవిడ ఏడు గడ్డలు కోసి చూసింది. అన్నిట్లోనూ ఉన్నాయి, కొన్నిట్లో తక్కువ. ఎంత తక్కువైతే నాలుక ఊరుకుంటుందో తనకు తెలియదని చెప్పింది.

సోమవారం వ్యాపారి వచ్చాడు. బావగారు చాలాసేపు తుండుగుడ్డ దులిపి, "దురద సంగతి నేను చెప్పలేనయ్యా, వండుకుని చూడు" అన్నాడు. అతను ఒక సంచి తీసుకెళ్లాడు, ఫోన్ చేస్తానని. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఫోన్ రాలేదు.