అమ్మ శ్రుతిలో జిగ్

పాత బిస్కెట్ల డబ్బా మూత తీస్తే ఇప్పటికీ చెట్టుబంక ఘాటు గుప్పుమంటుంది. లోపల ఉన్నది వయొలిన్ కమానుకు రాసే తేనెరంగు రోజిన్ ముక్క, నడుమ అమ్మ చేతికి అరిగిన గాడి.

ఎనభైల చివర, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, బ్లాక్‌టౌన్‌లోని మా అద్దె ఇంటికి బడివాళ్ళు అరువిచ్చిన వయొలిన్ వచ్చింది. గురువారాల్లో మిస్ డోరన్ మాకు జిగ్‌లు నేర్పేవారు. ఐరిష్ పల్లెల్లో నాట్యానికి వాయించే, తకిట తకిట అని గెంతే చిన్న పాటలు. ఆవిడ నియమం ఒక్కటే: ఇంట్లో ఎవరూ తీగలు బిగించే బిరడలు తిప్పకూడదు, తిప్పితే వయొలిన్ వెనక్కి.

అమ్మ ఈ దేశం వస్తూ తన వయొలిన్‌ను బెజవాడలో చెల్లెలికి ఇచ్చేసి, ఈ రోజిన్ ముక్క మాత్రం తెచ్చుకుంది. నేను బడికి వెళ్ళగానే కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొసను పాదానికి ఆనించి, తీగలను తన శ్రుతికి మార్చుకుని వాయించుకునేది. బుధవారం సాయంత్రం నా సాధనకు, మర్నాటి పాఠానికి మళ్ళీ బడి శ్రుతికి తెచ్చేది.

“డోంట్ టచ్ ఇట్ అమ్మా, మిస్‌కి తెలిస్తే తీసేసుకుంటారు.”

“తెలిసేలోగా సర్దేస్తాన్లేవే. చూడూ, లావు రెండూ ఒక జత, సన్నవి రెండూ ఇంకో జత. అక్కడ పెట్టిన వేళ్ళే ఇక్కడా పెట్టుకోవచ్చు.”

ఆ ఏడు బడి కచేరీ మంగళవారం పడింది. బుధవారాలకు అలవాటుపడ్డ అమ్మకు తీగల సంగతి గుర్తే లేదు. పొద్దున్నుంచీ జంతికలు వత్తుతూ ఉంది. అక్కడి డిసెంబర్ నడివేసవి ఎండ, బయట కాలుతున్న సాసేజీల పొగ, హాల్లో ఊగే విసనకర్రలు. నా జిగ్ మధ్య రెండు తీగల మీద నేర్చుకున్నది; అమ్మ శ్రుతిలో ఆ రెండూ చెరో జతలోవి. మొదటి స్వరాలు తప్పు పలకగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మూడో వరసలో అమ్మ చేయి జంతికల డబ్బా మూత మీద బిగుసుకుపోయింది. ఆపితే మిస్ దగ్గరికి వస్తారు, తీగలు మీటుతారు, అంతా తెలిసిపోతుంది. చెమటకు మెడ మీద వయొలిన్ జారుతుంటే, అమ్మ చెప్పిన జత గుర్తొచ్చి, అవే వేళ్ళను సన్న తీగల మీదికి జరిపాను. జిగ్ వచ్చింది, అలవాటు లేనంత పైస్థాయిలో, సన్నగా, చివరిదాకా.

చప్పట్లు ఆగాక మిస్ డోరన్ వయొలిన్ అందుకుని బొటనవేలితో నాలుగు తీగలూ మీటారు.

“హూ డిడ్ దిస్?”

మూడో వరసలో అమ్మ లేచి నిలబడింది.

“మీ, మిస్. నాట్ హర్.”

అరవలేదు మిస్. బాగుందని కూడా అన్నారు. కానీ వయొలిన్ ఆ రోజు నుంచి బడి బీరువాలోనే ఉండిపోయింది. ఆ రాత్రి డైరీలో జిగ్ బాగా వచ్చిందని మాత్రమే రాసుకున్నాను.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. సన్న తీగల మీద ఆ జిగ్ మాత్రం నిద్రలో లేపినా వాయిస్తాను. ఆ పగళ్ళలో నువ్వేం వాయించేదానివి అని ఇన్నాళ్ళకు అమ్మను అడిగితే, “ఏవోలేవే” అని బిస్కెట్ల డబ్బాకు మూత పెట్టేసింది.