మా పండరి మైకుల గరగర

మా తమ్ముడు పండరిది బాన్సువాడల మైకుసెట్ల దుకాణం. పెండ్లికైనా, ఎలక్షన్లకైనా, మేక తప్పిపోయిందని చాటించేటందుకైనా వాడే. మంచోడే. అబద్ధం ఆడుడే చాతకాదు, గంతే. దుకాణం నడుపుకునేటోనికి గదే పెద్ద రోగం.

మా విఠలుని గుళ్లె యేటా సప్తాహం జరుగుతది. ఏడు దినాలు భజన ఆగొద్దు, మైకు ఆగొద్దు. పండరి మైకు లేని సప్తాహం నాకు యాదికి లేదు. ఈ యేడు కాలువ దిక్కు ఉండే హరనాథబాబు అన్నదానానికి బియ్యం ఇచ్చిండు. బియ్యంతోని ఒక మాట గూడ ఇచ్చిండు: "పండరి బాక్సులు గరగరమంటున్నాయండీ. నిజామాబాద్ నుంచి కొత్త సెట్టు తెప్పిద్దాం."

గా మాట విని పండరి అన్నం ముట్టలే. కిరాయి పోతదని కాదు. విఠలుని ముంగట వేరేటోని మైకు మోగితే ఊర్ల మొఖం ఎట్ల చూపియ్యాలె అని.

గుడి కమిటీ పెద్దమనుషులు "ఒకపారి విని చూద్దం" అన్నరు. ఆ బాక్సు డబ్బలు చూస్తే ముంగటి గుడ్డంత మరకలు, ఎలుకలు కొరికిన బొక్కలు. నాకే సిగ్గయ్యి, నా నీలం చీర చింపి రెండు డబ్బలకు తొడిగిన.

తెల్లారి గుళ్లె పండరి భజన పెట్టిండు. నేను తలుపు కాడ నిలవడ్డ. హరనాథబాబు ముంగట కుర్చీల కూసొని, డబ్బలను కిందికి మీదికి చూసి, అప్పుడు కండ్లు మూసిండు.

"అబ్బ! క్లారిటీ అంటే ఇదండీ. తాళం తాళంలా, గొంతు గొంతులా వినబడుతోంది. కొత్తవా పండరీ?"

గంతటితోని పండరి ఊకుంటే అయిపోతుండె.

"లేదు సార్, గవే డబ్బలు. మా అక్క చీర కట్టింది, గంతే."

నేను కండ్లెర్రజేసిన. వాడు చూస్తె గద!

హరనాథబాబు ఇంకోపారి విన్నడు. "అవునండీ, ఆ గరగర ఉంది. ఇందాక గమనించలేదు." కమిటోళ్లకు గూడ గప్పుడే వినవడ్డది. ఒకాయనకైతే ఎడమ డబ్బల ఎక్కువున్నదట.

పండరి వైరు చుట్టుకుంటుండు. గప్పుడు హరనాథబాబు భార్య రాజ్యం, గోడ అవతల ఆడోళ్లు కూసునే దిక్కుకెల్లి వచ్చింది.

"గరగర వినబడ్డవాళ్లు అదృష్టవంతులండీ. గోడ అవతల మాకు దడదడ తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. నిరుడు హారతి అయిపోయిందని కూడా తెలియక కూర్చునే ఉన్నాం."

మొగోళ్లు నవ్విన్రు. మేం నవ్వలే. డబ్బలు రెండూ వాళ్ల దిక్కే ఉంటయ్ మరి.

పండరి వైరు పడేసి, ఒక డబ్బ ఎత్తుకొచ్చి మా నడుమ పెట్టిండు. ఇన్నేండ్లల వానికి గా బుద్ధి పుట్టలే, మొగోడు గద. భజన మాటకు మాట వినవడ్డది.

"గిట్లనే ఉండనియ్ అన్నా" అన్నది నా పక్కకున్న మంజులత. ముంగటి మొగోళ్లు సౌండు తగ్గిందని లొల్లి షురూ చేసిన్రు.

"తగ్గితే మీరొచ్చి ఇక్కడ వంట చెయ్యున్రి, మేమొచ్చి అక్కడ కూసుంటం" అన్న నేను. సప్తాహంల వండేది మేమే. ఇగ నిజామాబాద్ మాట ఎవ్వలెత్తలే. హరనాథబాబు మాత్రం ఇప్పటికీ గరగర ఉన్నదంటడు. ఆయన చెవి, ఆయనిష్టం.

ఇంటికొస్తుంటే పండరి అడిగిండు: "అక్కా, నిజం చెప్పు. ఇన్నేండ్లు నా మైకు ఎట్ల మోగింది?"

"నాకేం ఎరుకరా? గోడ అవతల కూసున్నదాన్ని."

వాడు ఆగిండు. "మరి మస్తు మోగుతదని ఊరంత చెప్పుకుంట తిరిగితివి గద?"

"మైకు నీదాయె" అన్న.