పంది పోగులకు పేర్లు పిలిచిన రోజు

ఒకే ఒక్క మాటతో వాడ మొత్తం నోరు మూయించినవాణ్ని నేను. గొప్ప గొప్ప ఉపన్యాసకులకు కూడా ఈ విద్య పట్టుబడదు. నాకు పట్టుబడింది, అదీ ఒక చచ్చిన పందికి వీపు తిప్పి నిలబడి ఉండగా. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. ఆ రోజు నవ్వాల్సినవాళ్లు నవ్వకపోవడమే అసలు చిక్కు.

ముందు నా సంగతి. మాది జగదేవ్‌పూర్ వైపు. పెళ్లయ్యాక కోహెడ దగ్గర సరోజ వాళ్ల ఊరికి ఇల్లుటం వచ్చాను. అంటే, పిల్ల అత్తగారింటికి పోవడానికి బదులు నేనే పోయాను. ఇల్లుటం వచ్చిన అల్లుడికి ఆ ఊళ్లో ఒక హక్కు ఉంటుంది, ఒక శిక్ష ఉంటుంది. మగవాళ్లంతా బావా అని పిలవడం హక్కు. బావ కాబట్టి వాళ్ల ఎకసెక్కాలన్నీ పడాల్సి రావడం శిక్ష.

నా పని సిద్దిపేటలో, ఒక చిన్న ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దడం. పొద్దున మొదటి బస్సుకు పోతే దీపాలు పెట్టాక దిగేవాణ్ని. పెళ్లిపత్రికల్లో వధువు పేరున్న చోట వరుడి మేనత్త పేరు పడకుండా ఈ జిల్లాను కాపాడుతున్నది నేనేనని నా నమ్మకం. వాడలో ఆ నమ్మకం ఎవరికీ లేదు.

"బావా, దినమంత తప్పులు దిద్దుతవు గద, గీ మా తమ్ముని ముక్కు జెర సక్కగ దిద్దరాదు" అనేవాడు మల్లేశం. అతను సరోజ పెదనాన్న కొడుకు. వాడలో ఏ పనికైనా ముందు వినబడేది అతని గొంతే.

"కాయితం మీద ఉన్నయే దిద్దుత" అనేవాణ్ని నేను. దానికి ఇంకో విడత నవ్వు. నేను విసుక్కున్నట్టు కనబడేవాణ్ని. అప్పట్లో అది విసుగేనని అనుకున్నాను.

సరోజ పోయాక ఎకసెక్కాలు ఆగిపోయాయి. మల్లేశం ఎదురైతే "తిన్నవా బావా?" అనేవాడు. "తిన్న" అనేవాణ్ని. అంతే. దవాఖానలో మంచం పక్కన నిలబడ్డవాళ్లలా, అందరూ నాతో మెల్లగా మాట్లాడసాగారు. మర్యాదకు ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది.

ఇంకొకటి కూడా ఆగింది, మా ఇంటి పోగు. వాడలో యాటను, అంటే మేకనో గొర్రెనో, కోస్తే మాంసాన్ని ఇంటికో కుప్పగా పెట్టి పంచుతారు. ఆ కుప్పే పోగు. సరోజ గిన్నె పట్టుకుపోయి తెచ్చేది. ఆమె పోయిన ఏడు దసరాకు యాట తెగింది, మా ఇంటికి పోగు రాలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. పోగును ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు, పోయి తెచ్చుకోవాలి. నేను పోలేదు, వాళ్లు పిలవలేదు. వాడంతా మసాలా వాసన వస్తుంటే ఒక్కణ్నీ కూర్చుని పప్పు తింటూ ఒక ప్రశ్న వేసుకున్నాను. ఊరి ఆడబిడ్డ పోయాక ఆ ఊరికి అల్లుడు ఏమవుతాడు? నా ఇల్లు ఇంకా ఇళ్ల లెక్కలో ఉందా, లేదా? ఇది ఎవరినీ అడిగే ప్రశ్న కాదు. అడిగితే "తిన్నవా బావా?" అంటారు.

ఆ యాసంగి పంటలో మక్కజొన్న చేలను అడవిపందులు దున్నేశాయి. తిన్నది కొంత, తొక్కింది చాలా. ఊరివాళ్లు తిరిగి తిరిగి పందిని కొట్టడానికి అనుమతి కాగితం తెచ్చారు. తుపాకీ ఉన్న షికారి ఒకాయన వచ్చాడు. చేలోంచి పందిని వెళ్లగొట్టడానికి మనుషులు కావాలి. "ఇంటికో మనిషి" అని మల్లేశం వాడంతా చెప్పుకుంటూ వచ్చాడు. మా గుమ్మం ముందు ఆగాడు. "తిన్నవా బావా?" అని అడిగి ముందుకు పోయాడు.

ఇంటికో మనిషి అన్నాడు కదా అని, తెల్లవారుతూనే బస్సు వదిలేసి నేనే పోయాను. వేటకు ఎలాంటి బట్టలు వేసుకోవాలో తెలియదు. ప్రెస్సుకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాను, ఇస్త్రీది.

"నువ్వెందుకొచ్చినవు బావా?" అన్నాడు మల్లేశం.

"ఇంటికో మనిషన్నవు గద."

అతను నన్ను చూశాడు, చొక్కాను చూశాడు. పూర్వపు మల్లేశమైతే దాన్ని వదిలేవాడు కాదు. నోటి దాకా వచ్చిందేదో మింగడం నేను చూశాను. "మంచిది, నిలవడు" అన్నాడు.

నాకో ఖాళీ నూనె డబ్బా, ఒక కట్టె ఇచ్చి, చేను గట్టు తెగిన చోట నిలబెట్టాడు.

"పంది ఇటొస్తే డబ్బ కొట్టు బావా. అది బెదిరి గుట్ట దిక్కు మళ్లుతది. గాడ షికారి ఉంటడు. గంతే నీ పని."

"కొట్టకపోతే?"

"ఎందుకు కొట్టవు? డబ్బ ఇచ్చిందే కొట్టనీకి."

వాదనలో తప్పు లేదు. నిలబడ జాగా లేదు, మెడకో డబ్బా అన్నట్టుంది నా వాటం. అటువైపు నుంచి కేకలు మొదలయ్యాయి. మక్కలు ఊగాయి. నా ఎదుట ఆకులు విడిపోయి, వాటి మధ్య నుంచి పంది తల బయటికి వచ్చింది.

అడవిపందుల గురించి నేను చదివే ఉన్నాను. పుస్తకాల్లో అవి అంత దగ్గరగా ఉండవు. దానికి కోరలున్నాయి, తొందర ఉంది. నాకు డబ్బా ఉంది. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ గుర్తురాలేదు. బస్సులో లావుపాటి మనిషి దిగడానికి వస్తే ఎలా ఒదుగుతామో అలా పక్కకు ఒదిగాను. ఒదిగి ఊరుకున్నానా? దయచేసి వెళ్లమన్నట్టు చెయ్యి కూడా చూపించాను. పంది వెళ్లింది.

ఊరంతా ఒక దారైతే పందిది నా దారి. నా వెనక ఒక ఒర్రె, అంటే చిన్న వాగు, ఉంది. గుట్ట దగ్గర ఉండాల్సిన షికారి, రాత్రి తిన్నది కడుపులో కుదరక, అప్పుడే ఆ ఒర్రెలోకి దిగి ఉన్నాడు. పంది తిన్నగా ఆయన ముందుకే పోయి ఉంటుంది. ఒక్క తుపాకీ దెబ్బ వినబడింది, తర్వాత ఏమీ వినబడలేదు.

మల్లేశం రొప్పుతూ వచ్చాడు. "డబ్బ ఎందుకు కొట్టలే బావా?"

నేను నోరు తెరిచేలోపు షికారి బెల్టు బిగించుకుంటూ గట్టెక్కాడు. "మంచిపని చేసిండు. నేను గీడున్నది చూసి సక్కగ నా మీదికే ఇడిసిండు. కొడితే గుట్టెక్కి తప్పించుకునేది."

"నీకెట్ల ఎర్కయింది బావా?" అన్నారు నలుగురూ.

నిజం చెప్పడానికి సందు దొరకలేదు అని రాయవచ్చు. దొరికింది. నేను డబ్బా వైపు గంభీరంగా చూస్తూ ఊరుకున్నాను.

పందిని పూడ్చిపెట్టాలని కాగితంలో ఉంది. పూడ్చాం. ఎంత పూడ్చాలన్నది కాగితంలో లేదనుకుంటాను. వరిగడ్డి మంటలో వెంట్రుకలు కాల్చారు, కత్తులతో గీకారు, పసుపు పూసి కడిగారు. ఒంటి వేడి ఆరకముందే కడుపు తీసేశారు. ఆలస్యమైతే కూర చెడుతుందట. ఒకరు తొడలు విడదీస్తుంటే ఒకరు మొద్దు మీద బొక్కలు కొట్టారు. మోదుగాకులు పరిచి పోగులు పెట్టారు. ప్రతి పోగులో కండ ఉండాలి, కొవ్వు ఉండాలి, కార్జం ముక్క ఒక్కటైనా ఉండాలి. ఈలోపు ఆడవాళ్లు గిన్నెలతో వచ్చారు. నేను నా చొక్కాను కాపాడుకుంటూ దూరంగా నిలబడ్డాను.

"ఇయ్యాల పేర్లు బావ పిలుస్తడు" అన్నాడు మల్లేశం. "పందిని మర్లగొట్టిందే ఆయన."

ఇది వాడలో పెద్ద గౌరవం. పేర్లు పిలిచేవాడు పోగులకు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక్కో పోగును చూపించి "గిది ఎవలకు?" అంటాడు. వీపు తిప్పినవాడు ఎవరి పేరు చెబితే వాళ్లకు ఆ పోగు. ఏది పెద్దదో ఏది చిన్నదో అతనికి కనబడదు కాబట్టి తగాదా ఉండదు. నేను గుట్ట వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"గిది ఎవలకు?"

పిడుగు అప్పుడు పడింది. నాకు వాడలో మగవాళ్ల పేర్లు తెలియవు. పొద్దున పోయి రాత్రి వచ్చేవాడికి వాడ ఎలా తెలుస్తుంది? సరోజ అన్నం పెడుతూ చెబితేనే తెలిసింది. కనకవ్వ వాళ్ల బర్రె ఈనింది, పోశవ్వ కొడుకు భివండి నుంచి వచ్చాడు, ఇలా. ఆ వార్తల్లో మగవాళ్లు మూలనున్న గొడ్డళ్లలాంటివాళ్లు. ఉంటారు, ఎవరూ పేరు పెట్టి పిలవరు.

"కనకవ్వకు" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మొగోని పేరు చెప్పాలె బావా" అన్నాడు మల్లేశం.

"ఆయన పేరు తెల్వదు."

"గిన్నేండ్ల సంది ఒక్క వాడల ఉంటిమి, నా పేరు తెల్వదా?" అన్నాడు కనకవ్వ భర్త నా వీపుతో.

"కనకవ్వ మొగడని ఎర్కే."

"గంతకంటె పేరేముంది నీకు, ఆకు లేవట్టు" అంది కనకవ్వ. ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

ప్రెస్సులో ఒక సూత్రం ఉంది. తప్పు చేసినా సరే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకేలా చేయాలి. నేను దాన్ని పాటించాను. పోశవ్వకు అన్నాను. ఎల్లవ్వకు అన్నాను. మల్లేశం పేరు నాకు బాగానే తెలుసు. అయినా వరస చెడకూడదని అతని భార్య పేరే పట్టుకుని "రమకు" అన్నాను.

"నేను నీ ఎనకనే ఉన్న బావా" అన్నాడు మల్లేశం.

"రమకు" అన్నాను మళ్లీ.

"బాలవ్వకు" అనేసరికి బాలవ్వ ముందుకొచ్చింది. వాడలో అందరికంటే పెద్దది, సరోజకు పెద్దమ్మ వరస. "మొగుడు సచ్చినంక గని నా పేరు ఎవలు పిలువలే. మీకు ఉన్నంగనే పిలుస్తుండు. అదృష్టమంతులే" అంది తక్కిన ఆడవాళ్లతో.

నవ్వులు నా వీపుకు వెచ్చగా తగులుతున్నాయి. చాలాకాలానికి తగిలాయి. అలాగే పిలుచుకుంటూ పోయాను. కాసేపటికి నా ఇల్లు తప్ప వాడలో ఇళ్లన్నీ అయిపోయాయి.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ఎన్ని పోగులు పెట్టారో నేను చూడలేదు. మల్లేశం ఇంకోసారి "గిది ఎవలకు?" అంటే నా ఇంటికి పోగు ఉన్నట్టు. అనకపోతే లేనట్టు. దసరా నుంచి నేను మోస్తున్న ప్రశ్నకు జవాబు నా వీపు వెనక మోదుగాకు మీద ఉంది, లేదా అక్కడ ఉత్త నేల ఉంది. తిరిగి చూడకూడదు. గుట్టను చూస్తూ నిలబడ్డాను. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గిది ఎవలకు?" అన్నాడు మల్లేశం, కొంచెం మెల్లగా.

ఉంది. ఆలోచన ఆగిపోయింది, సూత్రం మాత్రం ఆగలేదు. అంతవరకూ పిలిచిన వరసలోనే నోరు పని చేసింది.

"సరోజకు" అన్నాను.

మొదట్లో చెప్పిన నిశ్శబ్దం ఇదే. గిన్నెలు కూడా చప్పుడు మానేశాయి. తిరిగి చూసే ధైర్యం లేక అలాగే నిలబడ్డాను. ఆ గుట్ట మీద ఎన్ని బండలున్నాయో ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను. ఇక వీళ్లు జీవితాంతం నన్ను "తిన్నవా బావా?" అనే అడుగుతారు అనుకున్నాను.

"గట్ల బీరిపోయిన్రేందిరా?" అంది బాలవ్వ. "ఆయన తప్పేమన్నడు? ఇంటికో పోగు. గా ఇల్లెవలది? సరోజది. గీయన ఇల్లుటమొచ్చినోడు. పోగు సరోజకే వస్తది, మోసుకపోనీకి గీయన ఉన్నడు. ఏం అల్లుడా?"

"అవునత్తా" అన్నాను గుట్టతో.

"అయితె ఇటు మర్లు. గిన్నె ఏది?"

తిరిగాను. గిన్నె తేలేదు. పోగు కోసం వచ్చినవాడు గిన్నె తేకపోవడం, పెళ్లికొడుకు తాళి మరిచిపోయి రావడం ఒకటే. మల్లేశం నా ఖాళీ చేతుల్ని చూశాడు, నా చొక్కాను చూశాడు. ఈసారి మింగలేదు.

"గిన్నె తేలే గని ఇస్త్రీ అంగి ఏసుకొచ్చినవు. పందికి పెండ్లిపత్రిక ఇయ్యనీకొచ్చినవా బావా?"

వాడంతా నవ్వింది. కనకవ్వ భర్త కూడా నవ్వాడు, పేరు లేకపోయినా. నేను ముఖం తుడుచుకున్నాను. పొగ ఇంకా ఉంది కదా, దాని మీదికి తోసేశాను.

పోగును మోదుగాకుల్లో చుట్టి ఛాతీకి ఆనించుకుని మోసుకొచ్చాను. చొక్కా ఆ రోజుతో పదవీ విరమణ చేసింది. ఊరి కుక్కలన్నీ మంత్రిగారి వెనక కార్లలా ఇంటిదాకా వచ్చాయి. ఉప్పు, పసుపు పట్టించి పెట్టమని బాలవ్వ వాకిట్లోంచే కేకేసింది. దేంట్లో పెట్టాలని వెతికితే, గూట్లో సరోజ పోగులకు పట్టుకుపోయే స్టీలు గిన్నె ఉంది. అంచు మీద ఆమె పేరు చెక్కి ఉంది. అలవాటు చొప్పున అక్షరం అక్షరం చూశాను. తప్పేమీ లేదు.

కాబట్టి పాఠకులందరి ఎదుట, కుక్కల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఎన్నడూ పందికి మర్యాద చేయను. ఇక ఎన్నడూ తెల్ల చొక్కాతో వేటకు పోను. ఇక ఎన్నడూ ఆ గిన్నె లేకుండా పోగుల దగ్గరికి పోను. "గిది ఎవలకు?" అని అడిగితే ఏ పేరు చెబుతానన్న దాని గురించి మాత్రం ఏ ప్రమాణమూ చేయడం లేదు. కనకవ్వ భర్త పేరు ఇప్పటికీ నాకు తెలియదు.