తాతయ్య చూడని సీను

మిషను అమ్మేసి చాలాకాలమైనా టైలరు తాతయ్య చూపుడువేలు ఇంకా సూది పట్టినట్టే వంగి ఉంటుంది. ఆ వేలు ఎప్పుడూ రిమోటు మీదే. మనవరాలు పక్కన ఉండగా తెర మీద హీరో హీరోయిన్లు కాస్త దగ్గరైతే చాలు, గొంతు సవరించుకుని ఛానెల్ మార్చేస్తాడు. కత్తులు దూసుకుంటే మాత్రం హాయిగా కాళ్లు చాపుకుంటాడు. కూతురిది మరో లెక్క. ముద్దులకు ఫరవాలేదు, నెత్తురు కనబడకూడదు. "మా నాన్న నన్ను భుజానెక్కించుకుని తీసుకెళ్లిన సినిమా ఇది, దీనికి వంక పెట్టు చూద్దాం" అని కూతురితో అంటూ ఒక ఆదివారం తాతయ్యే పాత సినిమా ఒకటి పెట్టాడు. సగంలో, కూర చల్లారిందని తెర మీది మొగుడు పెళ్లాం చెంప ఛెళ్లుమనిపించాడు. ఆ వెంటనే కమెడియన్ జారిపడ్డాడు. తాతయ్య అలవాటుగా నవ్వాడు. మనవరాలు నవ్వలేదు.

"ఆవిణ్ణి ఎందుకు కొట్టాడు తాతయ్యా? ఎవరూ ఏమీ అనరేం?"

ఎన్నిసార్లు చూశాడో ఆ సినిమా! అందులో ఆ దెబ్బ ఉన్నట్టే ఆయనకు గుర్తులేదు. వంటింట్లోంచి కూతురు వచ్చింది.

"ఆపెయ్ నాన్నా, చిన్నపిల్ల చూసేది కాదు."

తాతయ్య ఆపలేదు. సీను వెనక్కి తిప్పి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఈసారి ఆ భార్య ముఖం వైపే చూశాడు.

"ఉండమ్మా," అన్నాడు మెల్లగా, "నేనూ ఇప్పుడే చూస్తున్నాను."