తొమ్మిదో మడిలో ఎర్ర పువ్వులు

ఇంగ్లండులోని నెదర్ ప్లమ్లీ గ్రామంలో కమిటీలు ఆరు, వాటిలో కూర్చునే మనుషులు నలుగురు. ఈ ఏర్పాటులో దోషమేమీ లేదని ఊరు ఏనాడో తీర్మానించుకుంది. ఆ తీర్మానం చేసిందీ ఆ నలుగురే. ఆరింటికీ అధ్యక్షుడు క్లైవ్ వెదరాల్. ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరుగా రిటైరై, పదకొండేళ్ల కిందట ఈ ఊరు చేరి, ఖాళీగా ఉన్న కుర్చీలన్నింటిలోనూ కూర్చున్నాడు. జన్మలో తుపాకి పట్టకపోయినా, నవంబరులో స్మారక శిల ముందు నిలబడి అమరవీరుల పేర్లు చదివేటప్పుడు మాత్రం ఒక పటాలాన్ని దగ్గరుండి నడిపించి వచ్చినవాడిలా గొంతు పెట్టేవాడు.

ఆ సంవత్సరం మే నెలలో ఎడ్నా పర్కిస్‌కు ఉమ్మడి తోట కమిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తొమ్మిదో నంబరు మడిలో కలుపు మితిమీరి పెరిగినట్టు తనిఖీలో తేలింది గనుక, నియమావళిలోని ఏడో నిబంధన ప్రకారం ఇరవై ఎనిమిది రోజుల్లో తొలగించాలనీ, లేనిచో మడి స్వాధీనం చేసుకోబడుననీ దాని సారాంశం. కింద క్లైవ్ సంతకం. ఎడ్నా కలుపు తీసింది. జూన్ రెండో వారంలో స్మారక కమిటీ నుంచి మరో ఉత్తరం వచ్చింది. వీరుల స్మృతికి చిహ్నమైన ఎర్ర పాపీ పూల మొక్కలను ఆమె పెకలించి అవమానించింది గనుక, ఆమె మడిని ఎందుకు స్వాధీనం చేసుకోరాదో గురువారం జరిగే సభలో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. దాని కిందా క్లైవ్ సంతకమే. సిరా కూడా అదే.

ఎడ్నాకు ఎనభై రెండేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరి బడిలో వంట చేసింది. నెదర్ ప్లమ్లీలో యాభై దాటిన ప్రతి మనిషీ ఆమె ఉడికించిన క్యాబేజీని ఏదో ఒక రోజు రుమాలులో దాచి బయట పారేసినవాడే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరెవరో కూడా తెలుసు. పెళ్లి చేసుకోలేదు. చేసుకోబోయినవాడు క్రికెట్ క్లబ్బులో బంతులు వేసేవాడు. తోట జాగా తమకు తిరిగి ఇమ్మని క్లబ్బు పెట్టిన అర్జీ మీద అతనూ సంతకం చేశాడని తెలిసిన సాయంత్రమే ఆమె నిశ్చితార్థపు ఉంగరాన్ని అతని టీ కప్పులో వేసి వచ్చేసింది.

ఆ జాగా చరిత్ర అలాంటిది. అది ఒకప్పుడు క్రికెట్ మైదానం. రెండో యుద్ధం తొలి ఏడాదిలో తిండికి కటకట వచ్చినప్పుడు ఊరు ఊరంతా దాన్ని తవ్వి బంగాళదుంపలు వేసింది. యుద్ధం ముగిశాక క్లబ్బు పెద్దలు నేల చదును చేసే రోలరు తోసుకుంటూ వచ్చేసరికి ఆడవాళ్లు పారలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మొగుళ్లు కొందరు రోలరు వైపున, పెళ్లాలు పారల వైపున. వారం రోజులు ఆ ఇళ్లలో పొయ్యి వెలగలేదు. ఎనిమిదో రోజున రోలరు వెనక్కి పోయింది. అప్పటి నుంచి అది పన్నెండు మడుల ఉమ్మడి తోట. తొమ్మిదోది పర్కిస్‌లది: మొదట తాత, తరువాత తండ్రి, ఈ అరవై ఏళ్లుగా ఎడ్నా. ఇంట్లో ఆమెకు ఉన్నవి రెండు గదులూ ఒక మెట్ల వరసా; ఆ మెట్లు ఎక్కడం ఆమెకు ఇప్పుడు యాతన. మడిలో మాత్రం ఏ యాతనా లేదు. మడి పోతే తను పొద్దున్నే లేవడానికి కారణమేమిటో ఆమెకు తోచలేదు.

ఇక ఆ పువ్వుల సంగతి. మొదటి యుద్ధం ముగిసి నూరేళ్లు నిండిన నవంబరులో స్మారక కమిటీకి ఒక ఆలోచన తట్టింది. అమరుల గుర్తుగా ఏటా కాగితపు పాపీలు కోటుకు గుచ్చుకుంటే చాలదు, అసలు పాపీలే ఊరంతా పూయాలని. విత్తనాలు తెప్పించారు. ఎక్కడ చల్లాలన్న చర్చలో, దున్ని సిద్ధంగా ఉన్న నేల ఎక్కడుందని ఎవరో అడిగారు. ఉమ్మడి తోటలో ఉంది. బ్యాండు వాయిస్తూ పోయి పన్నెండు మడుల మీదా చల్లి వచ్చారు. అది మన గసగసాల మొక్కకు దాయాది. ఒక్కో కాయలో వెయ్యికి తక్కువ కాకుండా గింజలుంటాయి. తరువాతి జూన్‌లో తోట ఎర్రగా మండింది. పత్రికవాళ్లు వచ్చి ఫోటోలు తీశారు. ఆ ఏడు ఎవరికీ క్యారెట్లు కాలేదు.

పీకేద్దామంటే పీకేదెవరు? చచ్చినవాళ్ల పేరు మీద పూసిన పువ్వు. వంగిన నడుమును ఊరు చూస్తుంది. కాబట్టి నెదర్ ప్లమ్లీలో ఏడేళ్లుగా ఎవరూ పాపీ పీకలేదు. పాపీలు మాత్రం కొన్ని మడుల్లో అదృశ్యమవుతూ ఉండేవి. పొద్దున్నే కుక్కను తిప్పే నెపంతో తోటకు వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కుక్క లేనివాళ్లు కూడా.

ఎడ్నాకు నెపాలు చేతకావు. ఏటా తన మడిలోవి మొలకలప్పుడే పీకి ఇంటికి తీసుకుపోయి కాల్చేది; ఈ ఏడు అవి ఆమె చేతికి మించి పెరిగాయి. ఉత్తరం అందాక, పూతకొచ్చిన మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి, ఒంటిచక్రం బండిలో గోపురంలా పేర్చి, కాల్చడానికి ఇంటికి తోసుకుపోయింది. తోట నుంచి ఇంటికి ఉన్నది ఒకటే దారి. అది స్మారక శిల ముందు నుంచి పోతుంది. ఆ రోజు ఆదివారం. చర్చి అప్పుడే వదిలారు.

“ఏమే, బుర్ర ఉందా నీకు?” అంది బెరిల్ టకర్, మరుసటి రోజు పదో మడిలోంచి. బెరిల్ బడిలో ఎడ్నాతో పాటు గిన్నెలు తోమిన మనిషి. యాభై ఏళ్ల స్నేహం. “వెనక సందులోంచి పోరాదూ?”

“సందులో గుంటలున్నాయి. బండి తిరగబడుతుంది.”

“పైన సంచీ అన్నా కప్పాల్సింది!”

“ఎందుకే? నేనేమన్నా పసిబిడ్డ శవాన్ని తీసుకెళ్తున్నానా? కలుపు.”

రెండో ఉత్తరం వచ్చాక బెరిల్ మళ్లీ వచ్చింది. ఈసారి ఒక ఉపాయంతో.

“నువ్వు వాదించేదేం లేదు. లేచి ఒక్క మాట చెప్పు చాలు. ఆ రాతి మీదున్న విల్ఫ్ మా చిన్నాన్న అను. తోటలో మడి ఉన్నవాళ్లలో ఆ రాతి మీద సొంత మనిషి పేరున్నది నీకొక్కదానికే. క్లైవ్ నోట మాట రాదు.”

“చెప్పను.”

“మడి పోతుందే, మొద్దూ!”

“పోతే పోనీ. వాడు చచ్చింది నా క్యారెట్ల కోసం కాదు.”

విల్ఫ్ పర్కిస్ గురించి ఇంట్లో చెప్పుకునేది స్మారకోపన్యాసాలకు పనికొచ్చేది కాదు. పదహారేళ్లప్పుడు తొమ్మిదో మడిని తవ్వమంటే మూడు చాళ్లు తవ్వి కంచె కింద నిద్రపోయాడు. పద్దెనిమిది రాగానే సైన్యంలో చేరింది దేశభక్తితో కొంత, పార తప్పించుకోవడానికి చాలా. సెలవులో వచ్చినప్పుడు ఉయ్యాలలో ఉన్న ఎడ్నాను చూసి, ఇదేమిటి బీట్‌రూట్‌లా ఉందన్నాడు. తరువాతి వేసవిలో నార్మండీ యుద్ధంలో పోయాడు. ఇరవై ఏళ్లు. అతన్ని ఆమె ఎరగదు. అతని పేరును వాడుకునే హక్కు తనకు ఎలా వచ్చిందో కూడా ఆమెకు అర్థం కాలేదు. నవంబరులో గుంపుకు వెనక, బస్ షెల్టరు పక్కన నిలబడి, రెండు నిమిషాల మౌనం అయ్యాక పుష్పగుచ్ఛం జోలికి పోకుండా ఇంటికి పోయేది.

గురువారం సభ ఊరి హాలులో. పెద్ద పాత్రలో టీ, పళ్లెంలో బిస్కెట్లు, పన్నెండు మడులవాళ్లూ హాజరు. ఫిర్యాదు చేసినవాడే విచారణకు అధ్యక్షత వహించరాదన్నది ఏ నాగరిక న్యాయమైనా ఒప్పుకునే సూత్రం. క్లైవ్ దానిని గౌరవించి, ఫిర్యాదు చదివేటప్పుడు కుర్చీకి ఎడమ వైపున నిలబడ్డాడు, విచారణ మొదలవగానే వచ్చి అందులో కూర్చున్నాడు.

“ఎడ్నా గారూ, మీకు మూడు నిమిషాలు.”

“ఒక్కటి చాలు బాబూ,” అంది ఎడ్నా. లేవలేదు, మోకాలు ఒప్పుకోలేదు. “మొదటి ఉత్తరంలో కలుపు తియ్యమన్నావు. తీశాను. రెండోదాంట్లో ఎందుకు తీశావన్నావు. ఏది నా తప్పో తేల్చి చెప్పు. నేను టీ తాగుతుంటా.”

“మొదటిది తోట కమిటీ నిర్ణయం. రెండోది స్మారక కమిటీ నిర్ణయం. అవి వేర్వేరు సంస్థలు.”

“వేర్వేరు టోపీలు. తలకాయ ఒకటే.”

వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు నవ్వుకు దగ్గర బంధువు.

“మొదటి ఉత్తరంలో కలుపు అన్నది పాపీలను కాదు,” అన్నాడు క్లైవ్.

“మరి దేన్ని?”

“సాధారణంగా... కలుపును.”

“నా మడిలో ఇంకో కలుపు లేదు. తనిఖీకొచ్చి ఫోటో తీశావుగా. చూపించు.”

ఫోటో కాగితాల దొంతరలో ఉంది. క్లైవ్ దానిని చూశాడు, బోర్లా పెట్టాడు. పక్కనున్న వికారు, అంటే ఊరి చర్చి పాస్టరమ్మ, దానిని తిప్పి చూసి, “ఇవన్నీ పాపీ ఆకులే కదా, క్లైవ్,” అంది సౌమ్యంగా. ఆమె కూడా ఆ నలుగురిలో ఒకతె. ఐదో మడి ఆమెది.

అప్పుడు బెరిల్ లేచింది. విల్ఫ్ సంగతి ఎత్తొద్దని ఎడ్నా ఒట్టు వేయించుకుంది గనుక ఎత్తలేదు. ఒట్టులో లేని సంగతి చెప్పింది.

“నేనూ పీకాను. ప్రతి ఏడూ పీకుతున్నాను. నా మడి కూడా తీసేసుకోండి.”

హాలులో అందరూ తమ తమ చెప్పులను పరిశీలించసాగారు.

“నేను... కొన్ని,” అంది వికారు. రెండో మడి ఆసామి తాను పీకలేదనీ, బూటు తగిలి ఊడివచ్చాయనీ అన్నాడు. ఎన్ని అని అడిగితే, చాలానే అన్నాడు.

“పీకి ఏం చేశారే?” అంది ఎడ్నా. ఆమె గొంతు మారింది.

“ఏం చేస్తాం? ఎవరికీ కనపడకుండా ఎరువు కుప్ప అడుగున తోశాం,” అంది బెరిల్.

“కాయలతోనా?”

“కాయలు కోసి విడిగా దాచుకుంటామా ఏమిటి?”

ఎడ్నా కప్పు కింద పెట్టింది. “ఆ కుప్ప మన పన్నెండు మంది కుప్ప. ప్రతి మార్చిలో దాన్నే తలా ఇన్ని బండ్లు తీసుకెళ్లి మన మడుల మీద పరుస్తున్నాం. అడుగున చల్లగా పడుంటే పాపీ గింజ చావదర్రా! ఏడేళ్ల నుంచి కాల్చి కాల్చి చస్తున్నా, ఎక్కడి నుంచి పుట్టుకొస్తున్నాయిరా దేవుడా అని. మీరు చల్లుతున్నారా? అయ్యో మీ మొహాలు మండా, దొంగతనం కూడా సరిగ్గా చేతకాదా మీకు!”

విచారణ చేయి జారుతోందని క్లైవ్ గ్రహించాడు. లేచి, కోటు సర్దుకున్నాడు. నిబంధనలు విఫలమైన చోట అతనికి ఒక్కటే మిగిలింది, నవంబరు గొంతు.

“ఇది కూరగాయల సమస్య కాదు,” అన్నాడు. “ఆ శిల మీద ఇరవై ఆరు పేర్లున్నాయి. ఎడ్నా గారు ఆ పేర్ల ముందు క్షమాపణ చెబితే చాలు, మడి ఆమెకే ఉంటుంది. నేను చదువుతాను. ఆ కుటుంబాలు ఏమనుకుంటాయో ఆలోచించండి.”

కంఠతా వచ్చు అతనికి. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఆడమ్స్, బ్రీజ్, కాటరెల్... ఎడ్నా బెరిల్ మణికట్టు పట్టుకుంది, నోరు తెరవొద్దని. బెరిల్ నోరు తెరవలేదు. మోల్డ్, ఓట్రిజ్, పీటర్ పారట్.

“డబ్ల్యూ. పర్కిస్,” అన్నాడు క్లైవ్.

అని ఆగిపోయాడు. ఆ పేరును పదకొండేళ్లుగా ఏటా చదివాడు. ఆ పేరునే వారం కిందట కవరు మీద రాశాడు. ఈ రెండూ ఒకే అక్షరాలన్న సంగతి ఇంతవరకూ అతని తలలో ఒకచోట చేరలేదు. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా ఎడ్నా ఉంది.

“మీకు... బంధువా?”

“చిన్నాన్న.”

“ఒక్క మాట చెప్పి ఉంటే—”

“చెప్పను. అది ఈ తగవులో సాక్ష్యం కాదు. ఆ కుటుంబం నేనే, నేనేమీ అనుకోవడం లేదు, అక్కడితో సరి. వాడి మొహం చూసి నాకు మడి ఇవ్వొద్దు. ఏడో నిబంధన ప్రకారం కలుపు తీశానా లేదా? అది ఓటుకు పెట్టు. క్షమాపణ చెప్పను, ఓడిపోతే తోట తాళంచెవి ఇచ్చి పోతాను.”

వికారు ప్రశ్నను చదివింది: తొమ్మిదో మడి ఆసామి నిబంధన పాటించెనా? తన ఓటు తాను వేసుకోకూడదని ఎడ్నా చేతులు ఒళ్లో పెట్టుకుంది. పది చేతులు లేచాయి. ఒకాయన రెండు చేతుల్లోనూ బిస్కెట్లున్నందున తటస్థంగా ఉండిపోయాడు. వ్యతిరేకించేవారెవరని అడిగినప్పుడు, క్లైవ్ తన చేతిని సగం దాకా లేపి, దానితో కళ్లజోడు సర్దుకున్నాడు.

అయినా అధ్యక్షుడు అధ్యక్షుడే. పన్నెండు మడుల్లోని పాపీలన్నింటినీ చర్చి గోడ పక్క ఖాళీ నేలకు “గౌరవపూర్వకంగా తరలించవలెను” అని, ఆ కార్యక్రమాన్ని స్మారక కమిటీ అధ్యక్షుడు స్వయంగా పర్యవేక్షించవలెనని తీర్మానం రాయించాడు.

“దాన్నే కలుపు తియ్యడం అంటారు,” అంది ఎడ్నా. కానీ ఓటు వేసింది.

శనివారం పది గంటలకు క్లైవ్ ఇస్త్రీ ప్యాంటుతో తొమ్మిదో మడికి వచ్చాడు. కింద గోనె పరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, వేలెడంత ఎత్తు కూడా లేని మొలకల చాలును ఒకదాన్ని శ్రద్ధగా పరిశీలించి, కొస నుంచి మొదలుపెట్టాడు. ఎడ్నా బోర్లించిన బకెట్ మీద కూర్చుని చూస్తోంది.

“ఆగు. అవి క్యారెట్లు.”

“ఇవి?”

“అవీ క్యారెట్లే. నిన్న మొలిచాయి.”

క్లైవ్ అరచేతిలోని పచ్చని పోగులను చూశాడు. తిరిగి నాటవచ్చా అని అడిగాడు. నాటరాదని ఎడ్నా చెప్పింది.

“మీ చిన్నాన్న ఎలాంటి మనిషి?” అన్నాడు క్లైవ్, తల ఎత్తకుండా.

“సోమరి,” అంది ఎడ్నా. “నీకన్నా నయం. మూడు చాళ్లు తవ్వాడు.” తరువాత కిందికి వంగి, అతని బొటనవేలు పక్కనున్న ఒక మొలకను చూపించింది. “ఇదిగో, ఇది పాపీ. ఆకు గరుకు చూడు. మొదలు దగ్గర పట్టుకో. తెంపొద్దు, లాగు.”

అతను లాగాడు. సగంలో తెగింది.

“మళ్లీ,” అంది ఎడ్నా.